బెర్లిన్‌లో మొదటి ఆరు వారాలు: ముందు అడ్రస్ కాగితం సంగతి చూసుకో

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ, నయీంనగర్. బీటెక్ అయిపోయింది. బెర్లిన్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. అక్టోబర్‌లో సెమిస్టర్ మొదలు. వీసా చేతికొచ్చింది, బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతని మాత్రమే బయటికి ఇచ్చే ఖాతాలో, 11,904 యూరోలు వేశాం. ఇల్లు మాత్రం ఇంకా దొరకలేదు. ఒక సీనియర్ "నెల రోజులు నా రూంలో ఉండు, అడ్రస్ రిజిస్ట్రేషన్ వేరేవాళ్ల ఇంటి మీద చేయిస్తా, 200 యూరోలు అవుతాయి" అంటున్నాడు. ఇంకొకాయన ఫ్లాట్ ఫొటోలు పంపి డిపాజిట్ కట్టమంటున్నాడు. అమ్మ నెయ్యి, చికెన్ పచ్చడి, బియ్యం అన్నీ కట్టిస్తోంది. నెలకు 992 యూరోలతో ఎట్లా గడుస్తదని బాపు ఫికర్ పడుతున్నడు. ఇందులో ఏది ముందు చూసుకోవాలి?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ 200 యూరోల సంగతి తేల్చుకుందాం. ఆ పని చేయకు. ఉండని ఇంటి మీద పేరు రాయించుకోవడం జర్మనీలో చట్టవిరుద్ధం. అట్లా అడ్రస్ ఇచ్చినవాళ్లకు 50,000 యూరోల దాకా జరిమానా వేసే వీలు చట్టంలోనే ఉంది. దొరుకుతామా లేదా అన్నది పక్కన పెట్టినా రోజువారీ నష్టం చాలా ఉంటుంది. నీ బ్యాంక్ కార్డు ఒక కవర్‌లో, దాని పిన్ వేరే కవర్‌లో, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబర్, వీసా ఆఫీసు ఉత్తరాలు దాదాపు అన్నీ పోస్టులోనే వస్తాయి. అవి ముక్కూమొహం తెలియని మనిషి ఇంటి పోస్టు డబ్బాలో పడితే, ఆయన ఫోన్ ఎత్తిన రోజే నీ పని జరుగుతుంది.

అక్కడ మొదటి ఆరు వారాల్లో ఏ పని మొదలుపెట్టినా అడ్రస్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. అందుకే నీ తిరుగుడు, నీ పైసలు ముందు దాని మీదే పెట్టు. మిగతావి రెండు వారాలు ఆలస్యమైనా కొంప మునగదు.

పద్ధతి ఇట్లా ఉంటుంది. ఇంట్లో దిగిన 14 రోజుల్లోగా బ్యుర్గరాంట్ అనే ఆఫీసుకు పోయి పేరు నమోదు చేయించుకోవాలి. దాన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఫీజు ఏమీ లేదు. పాస్‌పోర్ట్, నింపిన ఫారం, ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, ఈ మూడూ కావాలి. ఆ చివరిది ఒక్క పేజీ కాగితమే. ఫలానా మనిషి ఫలానా తేదీన మా ఇంట్లో దిగాడు అని రాసిస్తారు. చాలామంది కిరాయి అగ్రిమెంట్ పట్టుకుపోయి వెనక్కి తిరిగొస్తారు. దీనికి బదులు అగ్రిమెంట్ చెల్లదు. బెర్లిన్‌లో 12 జిల్లాలున్నాయి, నువ్వు ఏ జిల్లాలో ఉన్నా ఊళ్లో ఏ బ్యుర్గరాంట్‌కైనా పోవచ్చు. అపాయింట్‌మెంట్లు మాత్రం వారాల తరబడి నిండిపోయి ఉంటాయి. ఇంటి తేదీ ఖాయం కాగానే హన్మకొండలో కూర్చునే ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టు. ఎవరైనా రద్దు చేసుకుంటే మధ్యలో ఖాళీలు పడుతుంటాయి, పొద్దున పూట మళ్లీ మళ్లీ చూడాలి. 14 రోజుల్లో తేదీ దొరక్కపోతే, దొరికిన తేదీ బుక్ చేసుకున్న మెయిల్ దాచిపెట్టుకో. ఆలస్యం నీ వల్ల కాలేదని చూపడానికి అది పనికొస్తుంది.

ఆ ఫారంలో మతం అడిగే గడి ఒకటి ఉంటుంది. క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే, రేపు ఉద్యోగంలో ఆదాయపు పన్ను పడినప్పుడు దాని మీద 9 శాతం చర్చి పన్ను కూడా కోస్తారు. క్రైస్తవ కుటుంబాల పిల్లలు ఈ సంగతి తెలిసి నింపాలి.

ఇప్పుడు మీ సీనియర్‌ను ఒక్క ముక్క అడుగు: "అన్నా, ఆ రూం అసలు అగ్రిమెంట్ నీ పేరు మీదే ఉందా?" అని. ఉంటే, నువ్వు నిజంగా అక్కడ ఉంటున్నంత కాలం, ఇంట్లో దిగావని రాసిచ్చే ఆ ఒక్క పేజీ కాగితం ఆయనే సంతకం పెట్టి ఇవ్వొచ్చు. ఇంటి ఓనర్ అనుమతి మాత్రం ఆయన తీసుకోవాలి. అది సక్రమమైన దారి, 200 యూరోలూ మిగులుతాయి. ఆయన ఉండేది హాస్టల్ అయితే నెల రోజులు గెస్టును పెట్టుకోనియ్యరు. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకు.

ఫొటోలు పంపి డిపాజిట్ అడుగుతున్న మనిషి సంగతి. ఇల్లు చూడకుండా, సంతకాలు కాకుండా ఒక్క యూరో కూడా కట్టకు. ఈ మోసం ఎప్పుడూ ఒకే తీరుగా నడుస్తుంది. బెర్లిన్ నడిబొడ్డున పెద్ద ఫ్లాట్, కిరాయి మాత్రం సగం. ఓనర్ పని మీద వేరే దేశంలో ఉన్నానంటాడు, తాళంచెవి కొరియర్‌లో పంపిస్తానంటాడు. నమ్మకం కలిగించడానికి తన పాస్‌పోర్ట్ కాపీ పంపుతాడు, అది కూడా ఇంకెవరిదో కొట్టేసిందే. తర్వాత పేరున్న బుకింగ్ సైటులా కనిపించే లింక్ పంపి అందులో కట్టమంటాడు. నువ్వు ఇక్కడ ఉండగా ఇల్లు చూడాలంటే వీడియో కాల్ అడుగు. కాల్‌లో కిటికీ తెరిచి వీధి చూపించమను, కింద డబ్బాల మీద పేర్లు చూపించమను. ఇంట్లో నిజంగా ఉన్న మనిషికి అది రెండు నిమిషాల పని, మోసగాడు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడు.

అసలు ఇల్లు ఎక్కడ వెతకాలంటే, మొదట స్టుడిరెండెన్‌వెర్క్ బెర్లిన్ హాస్టళ్లు. కిరాయి బయటికంటే తక్కువ, కాగితాల గొడవ ఉండదు. వెయిటింగ్ నెలల తరబడి ఉంటుంది. అయినా ఈ రోజే అప్లికేషన్ పెట్టు, వచ్చే సెమిస్టర్‌కైనా పనికొస్తుంది. రెండోది పంచుకునే ఫ్లాట్‌లో ఒక గది, అక్కడ వేగే అంటారు. 'వేగే గెజూక్ట్' సైటులో ఎక్కువగా దొరుకుతాయి. ఒక్కో గదికి వందల మెసేజ్‌లు వెళ్తాయి కాబట్టి ప్రకటన పడిన గంటలోపే రాయాలి. నాలుగు వాక్యాలు చాలు: పేరు, ఏం చదువుతున్నావు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కావాలి, వాళ్ల ప్రకటనలో రాసిన ఏదో ఒక విషయం మీద ఒక మాట. అందరికీ ఒకే మెసేజ్ అతికిస్తే చదవను కూడా చదవరు. రెండు మూడు నెలలకు దొరికే తాత్కాలిక గదిని, అంటే ట్స్విషెన్‌మీటెను, వదులుకోకు. ప్రకటనలో "ఆన్‌మెల్డుంగ్ కుదరదు" అని ఉంటే మాత్రం ఎంత చవకైనా వద్దు. లిష్టెన్‌బెర్గ్, మార్ట్సాన్, ష్పాండావ్ లాంటి అంచు ప్రాంతాలైతే రైలులో అరగంట, ముప్పావుగంట పడుతుంది. టికెట్ ఎట్లాగూ ఉంటుంది, భయపడకు.

కిరాయిలో రెండు లెక్కలుంటాయి. కాల్ట్‌మీటె అంటే ఉత్త గోడల కిరాయి. వార్మ్‌మీటె అంటే నీళ్లు, హీటింగ్, చెత్త ఖర్చు కలిపింది. కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు విడిగా ఉంటాయి, అడిగి రాయించుకో. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె దాటకూడదని చట్టం. దాన్ని మూడు నెలల వాయిదాల్లో కట్టే హక్కు కూడా కిరాయిదారుకు ఉంది, ఇది చాలామంది ఓనర్లు చెప్పరు. దిగిన రోజే గోడల మరకలు, నేల గీతలు, బాత్రూం మూలలు, మీటర్ రీడింగులు ఫొటోలు తీసి ఓనర్‌కు మెయిల్ చేయి. ఖాళీ చేసేటప్పుడు నీ డిపాజిట్‌ను కాపాడేవి ఆ ఫొటోలే.

తాళంచెవి చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని డబ్బా మీద నీ పేరు అతికించడం. బెర్లిన్ అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఫ్లాట్ నంబర్లే ఉండవు. పోస్ట్‌మన్ డబ్బా మీద పేరు చూసి వేస్తాడు, పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. కార్డు రాలేదని బ్యాంకును, నంబర్ రాలేదని ట్యాక్స్ ఆఫీసును తిట్టుకునేవాళ్లలో చాలామంది డబ్బా మీద పేరే ఉండదు. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో ఏ అక్షరాలున్నాయో అవే రాయి. మనవాళ్లకు ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండడం మామూలే. అక్కడ మాత్రం యూనివర్సిటీ, ఇన్సూరెన్స్, బ్యాంక్, డబ్బా అన్నిటి మీదా ఒకే తీరుగా ఉండాలి. నువ్వు వేరేవాళ్ల గదిలో ఉంటే అడ్రస్‌లో వాళ్ల సర్‌నేమ్ ముందు సీ/ఓ (ఫలానావాళ్ల దగ్గర అని అర్థం) అని చేర్చు.

అడ్రస్ కాగితం, అంటే ఆన్‌మెల్డుంగ్ అయినట్టు ఆఫీసు ఇచ్చే పత్రం, వచ్చాక మిగతావి వరుసగా కదులుతాయి. ట్యాక్స్ నంబర్ నువ్వు అడగకుండానే కొన్ని వారాల్లో పోస్టులో వస్తుంది. అది ఉంటేనే జీతం పన్ను సరిగా లెక్క వేస్తారు. మామూలు బ్యాంక్ అకౌంట్ తెరిచి దాని నంబర్ ఇస్తేనే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలనెలా 992 యూరోలు వస్తాయి. ఇదంతా అయ్యేసరికి ఒక్కోసారి నెల దాటుతుంది. రెసిడెన్స్ పర్మిట్‌కు వీసా మీద ఉన్న ఆఖరి తేదీకి చాలా ముందే ఆన్‌లైన్‌లో అప్లై చేసి, ఆ రసీదు ప్రింట్ తీసి పెట్టుకో. టీవీ, రేడియో చందా కట్టమని ఒక ఉత్తరం కూడా వస్తుంది. టీవీ లేదని పారేయకు. అది ఇంటికి నెలకు 18.36 యూరోలు, తప్పించుకోలేం. ఫ్లాట్‌లో ఒకరు కడుతుంటే వాళ్ల చందా నంబర్ అడిగి ఆ ఉత్తరానికి జవాబు రాస్తే చాలు, లేకపోతే బకాయి పేరుకుపోతుంది.

బాపు అడిగిన లెక్క. గదికి 550 అనుకుందాం. బెర్లిన్‌లో 500 నుంచి 700 దాకా, మంచి చోట ఇంకా ఎక్కువే ఉంటుంది. 30 ఏళ్లలోపు విద్యార్థికి ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ సుమారు 145. ఫోన్ 10, టీవీ చందాలో వాటా 6. ఇక్కడికి 711. ఇంట్లో వండుకుంటే తిండికి 180 నుంచి 200. మిగిలేది 80, 100 యూరోలు. సెమిస్టర్ ఫీజు ఆరు నెలలకోసారి 300 పైచిలుకు ఉంటుంది, అంటే నెలకు 50 దాని కోసం పక్కన పెట్టాలి. దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు, మెట్రో తిరిగే టికెట్ ఆ ఫీజులోనే వస్తుంది. కాబట్టి గడుస్తుంది కానీ ఇరుకుగా గడుస్తుంది. అసలు చిక్కు మొదటి నెలలోనే. డిపాజిట్, మొదటి కిరాయి, పరుపు, గిన్నెలు అన్నీ ఒకేసారి పడతాయి, బ్లాక్డ్ అకౌంట్ నెలకు 992 కంటే ఎక్కువ ఇవ్వదు. బాపుతో చెప్పి ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు వేసుకునే కార్డు) 2,500 నుంచి 3,000 యూరోలు విడిగా వేయించుకో. ఇది లేకే పిల్లలు అక్కడ అప్పుల్లో పడతారు.

టికెట్ సంగతిలో ఒక జాగ్రత్త. స్టూడెంట్ టికెట్ అక్టోబర్ 1 నుంచే చెల్లుతుంది. సెప్టెంబర్‌లో దిగితే విడిగా కొనాలి. బెర్లిన్ టికెట్లకు ఏ, బీ, సీ అని మూడు జోన్లుంటాయి. ఎయిర్‌పోర్ట్ సీ జోన్‌లో ఉంటుంది, కాబట్టి ఏబీసీ టికెట్ తీసుకుని, కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫాం మీది మెషీన్‌లో ముద్ర వేయించు. ముద్ర లేని టికెట్ ఉన్నా లేనట్టే, 60 యూరోల జరిమానా. కొత్తవాడినంటే వినరు.

ఇక వంటా, గదీ. మనవాళ్లకు అక్కడ ఎక్కువ గొడవలు వచ్చేది ఈ రెండింటితోనే. ఆ ఇళ్లు గాలి చొరకుండా కడతారు. అన్నం ఆవిరి, స్నానం ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి ఎటూ పోక చల్లటి గోడ మూలల్లో నీరు కడుతుంది, రెండు నెలల్లో నల్లటి బూజు పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు ఆ ఖర్చు నీ డిపాజిట్‌లోంచే కోస్తారు. చలికాలంలో కూడా రోజుకు రెండు మూడు సార్లు కిటికీ పూర్తిగా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలి, ఆ సేపు హీటర్ ఆపాలి. కిటికీని పైన కొంచెం వంచి రోజంతా వదిలేస్తే తడి పోదు, గోడ చల్లబడి బూజు ఇంకా పెరుగుతుంది. బీరువాను బయటి గోడకు ఆనించకుండా అరచేతి వెడల్పు జాగా వదులు. హీటర్ మీటలో 3 అంటే సుమారు 20 డిగ్రీలు. 5 మీద పెడితే గది తొందరగా వేడెక్కదు, 20 దాటినా ఆగకుండా కాలుతూ ఉంటుంది, అంతే. ఏడాది చివర హీటింగ్ లెక్క తేల్చినప్పుడు వందల యూరోలు అదనంగా కట్టమనేది ఇందుకే.

పోపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ వేసి కిటికీ తెరువు. నూనె పొగలు రాకముందే ఆవాలు, జీలకర్ర వేసి, ఎండుమిర్చి ఆఖరున వేసి వెంటనే మూత పెట్టు. పొగ వచ్చిందని హాస్టల్ గది తలుపు మాత్రం తీయకు. చాలా హాస్టళ్లలో కారిడార్ అలారం నేరుగా ఫైర్ స్టేషన్‌కు కలిపి ఉంటుంది. ఫైరింజన్ ఊరికే వచ్చిపోతే ఆ బిల్లు నీకు రావచ్చు. అలారానికి కవర్ చుట్టేవాళ్లుంటారు, ఆ జోలికి పోవద్దు. అది ప్రాణం కాపాడేది.

పెరుగు లేకుండా మనకు గడవదు కదా. 20 డిగ్రీల గదిలో పాలు తోడుకోవు. అర లీటరు పాలు కాచి, వేలు పెడితే పది లెక్కపెట్టేదాకా ఓర్చుకునేంత వేడికి దించి, 3.5 శాతం కొవ్వున్న నాటూర్‌యోగర్ట్ (ఏమీ కలపని ఉత్త పెరుగు) ఒక చెంచా కలుపు. ఓవెన్‌లో వేడి పెట్టకుండా లైటు మాత్రం వేసి ఆ గిన్నె లోపల ఉంచితే ఎనిమిది గంటల్లో గడ్డ పెరుగవుతుంది. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, బెండకాయ టర్కీవాళ్ల దుకాణాల్లో చవక. కందిపప్పు, సోనామసూరి, చింతపండు, జొన్నపిండి ఇండియన్ దుకాణాల్లో దొరుకుతాయి. అందుకే బియ్యం మోయకు. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ బంద్, శనివారమే సరుకులు తెచ్చుకో.

అమ్మకు ఇది చదివి వినిపించు: నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి యూరప్‌లోకి తీసుకుపోనియ్యరు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికుల సామానులో నిషేధం. కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, ఎండు కారం, పసుపు, సకినాలు, గారెలప్పాలు నిక్షేపంగా పోతాయి. తొక్కు సీసాకు మూత కింద ప్లాస్టిక్ కాగితం బిగించి, రెండు కవర్లలో చుట్టి బట్టల మధ్యలో పెట్టాలి. కుక్కర్ కొనేటప్పుడు అడుగున అయస్కాంతం పెట్టి చూడు, అంటుకుంటేనే ఇండక్షన్ పొయ్యి మీద పనిచేస్తుంది. అల్యూమినియంది అక్కడ అలంకారానికే. గాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వు ఒకటి అదనంగా పెట్టుకో. కరెంటు అక్కడా 230 వోల్టులే కాబట్టి మిక్సీ తిరుగుతుంది, మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం పట్టదు. పది ఆంపియర్లకు తగ్గని మంచి అడాప్టర్ కొను. చలి కోటు ఇక్కడ కొనకు, గాలి ఆపే జాకెట్, నీళ్లు దిగని బూట్లు అక్కడే కొనుక్కో. ఇక్కడి నుంచి రెండు జతల థర్మల్స్ చాలు.

మందులు మూడు నెలలకు సరిపడా, ఇంగ్లిష్‌లో మందు అసలు పేరు రాయించిన చీటీతో తీసుకో. అక్కడ చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వరు. పంటి నొప్పి ఉంటే ఇక్కడే చూపించుకో, అద్దాలు వాడితే రెండో జత చేయించుకో. ప్రాణం మీదికొస్తే 112, రాత్రిపూట జ్వరం లాంటిదానికి 116117.

పని విషయం. వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. 2026లో కనీస కూలి గంటకు 13.90 యూరోలు. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటితే స్టూడెంట్ ఇన్సూరెన్స్ రేటు పోతుంది. ఇంకొకరి పేరు మీద ఉన్న డెలివరీ అకౌంట్ కిరాయికి తీసుకుని బండి నడపమని ఎవరన్నా చెప్తే ఒప్పుకోకు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ రాదు, పట్టుబడితే నీ వీసాకే ముప్పు. మొదటి సెమిస్టర్‌లో జర్మన్ క్లాసు మీద పెట్టిన గంటలు రెండో సెమిస్టర్‌లో మంచి పని తెచ్చిపెడతాయి.

ఫ్లైట్‌కు ముందు వారం మీ బ్యాంక్ బ్రాంచికి పోయి, చదువుకు విదేశం పోతున్నానని చెప్పి అకౌంట్‌ను ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉండేవాళ్లకు మన దేశంలో ఉండే అకౌంట్) మార్పించు. ఆధార్‌కు, బ్యాంకుకు కలిపిన సిమ్ పోకుండా బాపుతో చిన్న రీచార్జ్ చేయిస్తూ ఉండు, ఓటీపీలన్నీ దానికే వస్తాయి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ చేతి బ్యాగులోనే ఉండాలి, వాటి స్కాన్ కాపీలు ఇంట్లో ఒకరి ఫోన్‌లో కూడా ఉంచు. అక్టోబర్ ఆఖరి ఆదివారం దాకా మనకూ వాళ్లకూ తేడా మూడున్నర గంటలు, ఆ తర్వాత నాలుగున్నర. రాత్రి ఎన్ని గంటలకు ఫోన్ చేస్తావో అమ్మకు ఇప్పుడే చెప్పి పెట్టు.